రాయి ఎత్తకుండా సాలమాండర్‌ని చూడాలంటే

అట్లాంటాకి ఉత్తరాన రెండు గంటలు కారు నడిపితే అపలాచియన్ కొండలు మొదలవుతాయి. ఇక్కడి తెలుగువాళ్ళు అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి అక్కడికి వెళతారు. వేసవిలో కేబిన్ తీసుకుని నాలుగు కుటుంబాలు కలిసి బిర్యానీ వండుకోవడానికి వెళతారు. మేం ఈసారి ఒక జంతువు కోసం వెళ్ళాం. దాని పేరు నల్లపొట్ట సాలమాండర్. చూపుకి బల్లిలా ఉంటుంది. ఎంత పెరిగినా జానెడు లోపే. కొండవాగుల్లో, నీరు బండల మీద నుంచి దూకే చోట ఉంటుంది. ఊపిరితిత్తులు లేవు. తడి చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి పీల్చుకుంటుంది.

గ్రేట్ స్మోకీ కొండల జాతీయ పార్కులో కనీసం 30 జాతుల సాలమాండర్లు ఉన్నాయి. వాటిలో 24 ఊపిరితిత్తులు లేని కుటుంబానివే. మన దేశంలో డార్జిలింగ్ వైపు, ఈశాన్యపు కొండల్లో తప్ప సాలమాండర్లే లేవు కాబట్టి కోనసీమ నుంచి వచ్చిన మా మామగారికి ఇదంతా పూర్తిగా కొత్త. ఆయన ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి గుళ్ళూ, షాపింగ్ మాళ్ళూ చూసి విసిగిపోయి, "పారే నీళ్ళున్న చోటుకి తీసుకెళ్ళండి అల్లుడుగారూ" అన్నారు. మా ఆవిడ, పదకొండేళ్ళ మా అమ్మాయి, ఆయన, నేను బయల్దేరాం.

జూన్ 12, గురువారం. డిలార్డ్, ఆట్టో

జార్జియా సరిహద్దు ఇంకా దాటలేదు. డిలార్డ్ దగ్గర రోడ్డు పక్కన టెంటు కింద పెద్ద పెద్ద డేగిసాల్లో వేరుశెనక్కాయలు ఉడుకుతున్నాయి. ఈ దక్షిణాది రాష్ట్రాల్లో ఇది పాత అలవాటు. పచ్చికాయల్ని ఉప్పునీళ్ళలో గంటల తరబడి ఉడికిస్తే తొక్క కూడా మెత్తబడిపోతుంది. మామూలువీ కారంవీ రెండు రకాలున్నాయి. కప్పు ఆరు డాలర్లు. మామగారు మనసులో రూపాయల్లోకి మార్చుకుని "ఐదొందలా! ఆ డబ్బుకి మా ఊళ్ళో అరబస్తా ఇంటికి తెచ్చి దింపుతారండి" అన్నారు. అన్నారే గానీ కప్పు మాకెవరికీ ఇవ్వలేదు.

టెంటు వెనకే గాలాలూ వానపాములూ అమ్మే కొట్టు ఉంది. ఈ కొండల్లో ముసలివాళ్ళు సాలమాండర్ అనరు, స్ప్రింగ్ లిజర్డ్ అంటారు. ఊట దగ్గర దొరికే బల్లి అని. కొట్టాయన్ని ఆ మాటతోనే అడిగాను. ముందు నన్నూ, తర్వాత మామగారి పంచెనీ చూశాడు. అనుమానం తీరాక చాలాసేపు మాట్లాడాడు. చిన్నప్పుడు తనూ అన్నా వాగుల్లో రాళ్ళు తిరగేసి, దొరికినవాటిని డజన్ల లెక్కన చేపలు పట్టేవాళ్ళకి అమ్మేవాళ్ళట. పెద్ద బాస్ చేపలు వాటికి బాగా తగులుతాయట. "నల్లవాటికి ఎక్కువ ధర. గట్టిగా ఉంటాయి, గాలం మీద తొందరగా చావవు" అన్నాడు. మేం వాటిని చూడటానికే వెళుతున్నామంటే నవ్వలేదు. మామూలుగా తలూపి, "వాన పడ్డ రాత్రి వెళ్ళండి" అన్నాడు. ఆ మొత్తం ప్రయాణంలో అంతకన్నా పనికొచ్చే సలహా ఎవరూ ఇవ్వలేదు.

సరిహద్దు దాటాక నార్త్ కరోలినాలో వచ్చే ఆట్టో ఊరు అనడానికి లేదు, రోడ్డు మీద ఒక పేరు అంతే. పడమటికి తిరిగి కొంత దూరం లోపలికి వెళితే కొవీటా పరిశోధన కేంద్రం వస్తుంది. అమెరికా అటవీ శాఖ 1934లో మొదలుపెట్టింది. ఇక్కడ కొండని చిన్న చిన్న పరీవాహక ప్రాంతాలుగా విడదీసి, ఒక్కోదాంట్లో ఎంత వాన పడుతోంది, వాగులోకి ఎంత నీరు వస్తోంది అన్నది దశాబ్దాలుగా కొలుస్తున్నారు. ఒకచోట అడవి నరికి చూశారు, ఒకచోట చెట్ల జాతి మార్చి చూశారు. ఇంకోచోట ముట్టుకోకుండా వదిలేశారు.

నేను సాలమాండర్ల సంగతి చెబుదామని తీసుకెళితే మామగారు కాంక్రీటు తొట్టి ముందు ఆగిపోయారు. వాగుకి అడ్డంగా పలక, దానికి వి ఆకారంలో కోత. "వి-నాచ్ అండీ! కోత అడుగు నుంచి నీరు ఎంత ఎత్తున పోతోందో చూస్తే చాలు, సెకనుకి ఎంత పారుతోందో లెక్క వచ్చేస్తుంది. మా కాలవల మీద ఇవి పెట్టమని ఎన్నిసార్లు రాశానో" అంటూ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టారు. అటుగా వచ్చిన ఉద్యోగిని ఒకావిడ ఆయన చేతి సైగలు చూసే విషయం గ్రహించి, ఇంగ్లీషులో తన వంతు చెప్పింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైంది. పదిహేను నిమిషాలు హాయిగా మాట్లాడుకున్నారు.

ఆవిడ చెప్పిన వాటిలో నాకు కావలసింది ఒకటి దొరికింది. 1990ల్లో ఇక్కడ ఒక చిన్న వాగు పొడవునా వల కప్పి, ఆకులు నీళ్ళలో పడకుండా చేశారు. ఏళ్ళ తరబడి అలాగే ఉంచారు. నీడపట్టున పారే వాగులో పాచి పెద్దగా పెరగదు. చెట్ల నుంచి రాలే ఆకే అక్కడ తిండికి ఆధారం. ఆకు ఆగేసరికి ఆకు తినే పురుగులు పడిపోయాయి. ఆ పురుగుల మీద బతికే సాలమాండర్ పిల్లలు కూడా తగ్గిపోయాయి. వాగంటే పారే నీరే అనుకుంటాం గానీ, దానికి అన్నం పెట్టేది పైన ఉన్న అడవి.

రాత్రి బస ఫ్రాంక్లిన్‌లో, గది 98 డాలర్లు. కొండ మీద హైలాండ్స్‌లో అయితే దానికి మూడింతలు. భోజనం దగ్గర మా ఆవిడకి కష్టం వచ్చింది. ఒక కూర, మూడు పక్కవంటకాలు అని ఇక్కడ పద్ధతి. ఆవిడ శాకాహారి కాబట్టి మూడూ కూరగాయలే ఎంచుకుంది. చిక్కుడుకాయల్లో పందిమాంసం, ఆకుకూరలో పందిమాంసం, బఠాణీల్లో కూడా అదే. వడ్డించే పెద్దావిడ తెగ నొచ్చుకుని, "హనీ, ముందే చెప్పొద్దూ" అని రెండు పెద్ద బంగాళాదుంపలు కాల్చి తెచ్చింది, డబ్బు తీసుకోలేదు. మామగారిని కూడా హనీ అని పిలిచింది. ఆయన గది చేరేదాకా ఆ ప్రస్తావన ఎత్తలేదు. తర్వాత మా అమ్మాయిని పక్కకి పిలిచి దాని అర్థం అడిగారు.

జూన్ 13, శుక్రవారం. డ్రై ఫాల్స్, హైలాండ్స్

ఫ్రాంక్లిన్ నుంచి హైలాండ్స్‌కి వెళ్ళే 64వ నంబరు రోడ్డు కల్లసాజా లోయ అంచున చెక్కినది. ఒకపక్క బండ, ఇంకోపక్క గాలి. ఎదురుగా వచ్చే పికప్ నడిపేవాళ్ళు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతారు, అదే పలకరింపు. తిరిగి ఎత్తకపోతే మర్యాద కాదు. మలుపుల్లో రెండు చేతులూ స్టీరింగ్‌కి అతుక్కుపోయిన నాకు బదులు మామగారే అందరికీ చెయ్యి ఊపారు.

డ్రై ఫాల్స్‌లో జలపాతం వెనక నుంచి నడవొచ్చు. పైన బండ చూరులా ముందుకి వచ్చి ఉంటుంది, నీరు ముందు పడుతుంది. పొడిగా ఉంటుందని కాబోలు ఆ పేరు పెట్టారు గానీ తుంపరకి మా నలుగురి బట్టలూ తడిశాయి. జనం నీటి తెర ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ళ భుజాల వెనక, నీరు కారుతున్న గోడలోని పగుల్లో ఒక తల ఉంది.

మొదట చూసింది మా అమ్మాయి. వెడల్పాటి తల, ఉబ్బెత్తు కళ్ళు, కంటి నుంచి దవడ మూల దాకా లేత గీత. ఒళ్ళు మొత్తం పగుల్లోనే ఉంది. కాసేపటికి ముందుకాళ్ళు బయటపెట్టి బండ మీదకి ఎగబాకింది. ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు మచ్చలు, పక్కల వెంట చిన్న తెల్లచుక్కల వరస. తోక రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు పల్చన, పైన పదునైన అంచు. బండ అంచు మీద వంగినప్పుడు పొట్ట కనిపించింది, పేరుకి తగ్గట్టే బొగ్గు నలుపు. సాలమాండర్లు చాలామటుకు చీకటి పడ్డాకే బయటికి వస్తాయి. ఇది పట్టపగలు కూడా తడి బండ మీద బైఠాయిస్తుంది. మనం చూస్తామని దానికి భయం లేదు. దగ్గరికి వెళితే మాత్రం నీటి ధారలోకి ఒక్క దూకు దూకుతుంది, మళ్ళీ దొరకదు. ఫొటోలు తీసుకుంటున్న ఒకాయనకి చూపించాను. "బల్లా?" అని మళ్ళీ నీటి తెర వైపు తిరిగాడు.

బల్లి కాదు, దాని చుట్టం కూడా కాదు. కప్పల తెగది. ఒంటి మీద పొలుసులుండవు. ఆరితే చస్తుంది.

హైలాండ్స్ నాలుగు వేల అడుగుల పైన ఉన్న షోకైన ఊరు. కాఫీ ఏడు డాలర్లు. అట్లాంటా సంపన్నుల వేసవి ఇళ్ళన్నీ ఇక్కడే. ఆ ఊళ్ళోనే 1927 నుంచి ఒక జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది. సాలమాండర్ల మీద పనిచేసేవాళ్ళు దేశం నలుమూలల నుంచీ వస్తారు. సాయంత్రం జల్లు పడింది. కొట్టాయన మాట గుర్తొచ్చి, ఒక విద్యార్థిని అందరినీ వెంట తిప్పి చూపించే రాత్రి నడకలో చేరాం.

ఆ అమ్మాయి పెట్టిన షరతులు మూడే. దోమల మందు, ఎండ క్రీము చేతులకి ఉండకూడదు. ఎర్రదీపం గానీ తగ్గించిన తెల్లదీపం గానీ వాడాలి. రాయి ఎత్తకూడదు. మొదటిదానికి కారణం తేలిగ్గా అర్థమవుతుంది. చర్మమే ఊపిరితిత్తి అయినప్పుడు చర్మానికి అంటిన మందు నేరుగా ఒంట్లోకి వెళ్ళిపోతుంది. మూడోదానికి కారణం జూన్ నెల. వేసవి మొదట్లో ఆడది నీరు జోరుగా పారే చోట, రాయి అడుగున గుడ్లు ఒక్కొక్కటిగా అంటిస్తుంది. ముప్ఫై నలభై ఉంటాయి. పొదిగేదాకా, అంటే వేసవి చివరిదాకా, అక్కడే కాపలా ఉంటుంది. పైన మనం చూసేది మామూలు రాయి. దాన్ని తిరగేసి, చూసి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టినా పాత అమరిక రాదు. కింద నీరు పారే సందు మూసుకుపోతుంది. లేకపోతే తల్లి పారిపోతుంది. రాయి ఎత్తితే జంతువు కనబడుతుంది, కానీ దాని ఇల్లు పోతుంది.

ఎత్తకుండా ఎలా చూడాలంటే, కూర్చుని చూడాలి. వాగు పక్కన చతికిలబడి, ఒక్కో పగులూ, ఒక్కో రాతి అంచూ వరసగా వెతకాలి. పది నిమిషాలు ఏమీ ఉండదు. కన్ను ఆ చీకటికి, ఆ తడి మెరుపుకి అలవాటు పడ్డాక ప్రతి నాలుగడుగులకీ ఒక తల కనిపించడం మొదలవుతుంది. ఒక్కో పెద్ద నల్లపొట్టకి ఒక్కో సందు. పక్కది దగ్గరికి వస్తే ఊరుకోదు. మా దీపం కిందే ఒక రెక్కల పురుగు నీటి అంచున వాలింది. సందులోంచి ఒళ్ళు సగం బయటికి వచ్చి, పురుగు మాయమై, తల మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది. మామగారు "అమ్మ దీని" అన్నారు పైకే.

అప్పుడు ఆ విద్యార్థిని దాని దవడ సంగతి చెప్పింది. మనం నోరు తెరవాలంటే కింది దవడ దించుతాం. ఈ తెగ సాలమాండర్లకి కింది దవడ దాదాపు కదలదు. తలనే పైకి ఎత్తి నోరు తెరుస్తాయి. మెడ దగ్గర బలమైన కండలు, గట్టి పుర్రె. రాళ్ళ సందుల్లోకి తల దూర్చి దారి చేసుకోవడానికి ఈ అమరిక పనికొస్తుంది. ముక్కు నుంచి పై పెదవి దాకా సన్నని గాడి ఉంటుంది. తడి నేల మీది వాసనల్ని ఆ గాడి ముక్కులోకి చేరవేస్తుంది. అందుకే మూతి నేలకి తాకిస్తూ నడుస్తాయి.

ఊపిరితిత్తులు ఎందుకు పోయాయన్న దానికి 1920లో ఒక ఊహ వచ్చింది. చల్లటి, నురగలు కక్కే వాగులో ప్రాణవాయువు బోలెడు, చర్మంతోనే సరిపోతుంది. పైగా గాలి నిండిన ఊపిరితిత్తులుంటే ఒళ్ళు తేలుతుంది. తేలేవాటిని ప్రవాహం ఈడ్చుకుపోతుంది. కాబట్టి అవి లేనివే నిలిచాయి. ఊహ అందంగా ఉంది, నాకు నచ్చింది. అయితే ఈ కుటుంబం పుట్టినప్పుడు ఇక్కడ అలాంటి వాగులు ఉన్నాయా అని ఎదురు వాదించేవాళ్ళూ ఉన్నారు. వందేళ్ళయినా తగువు తెగలేదు.

ఆ రాత్రి నేర్చుకున్నవాటిలో నాకు బాగా పట్టుకున్నది వేరే ఒకటుంది. నీటి మధ్యలో పెద్ద నల్లపొట్టలు. అంచున తడి రాళ్ళ మీద వాటి దగ్గరి చుట్టాలే అయిన మధ్యరకం జాతి. ఒడ్డు మీద నాచులో ఇంకా చిన్నవి. అడవి లోపలికి వెళితే ఆకుల కింద వేలెడు కూడా లేని బుల్లి జాతి. నీటికి దూరమైనకొద్దీ ఒళ్ళు చిన్నదవుతుంది. నీటి దగ్గర తడి ఎక్కువ, తిండి ఎక్కువ, మరి చిన్నవాటికి అక్కడెందుకు చోటు లేదు? పెద్దవి వాటిని తినేస్తాయి కనుక అని కొందరు, చోటు కోసం పోటీ అని కొందరు. నల్లపొట్ట తోటి సాలమాండర్లని తింటుందన్నది మాత్రం నిజం. చేపలు ఎక్కలేని ఎగువ వాగుల్లో పెద్ద వేటగాళ్ళలో ఇదొకటి. మంచి భూములు ఎవరి చేతుల్లో ఉంటాయో మామగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. "అక్కడా అంతేనన్నమాట" అన్నారు.

తిరుగుదారిలో పొగమంచు దిగింది. ఫోన్‌కి సిగ్నల్ పోయింది, పటం చివరిసారి చూపించిన మలుపు ఎవరిదో ఇంటి గేటులోకి తీసుకెళ్ళింది. కుక్క అరిచింది. వరండాలో ఊగే కుర్చీలో కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి కారు అద్దం మీద చెయ్యి ఆన్చి, మేం అడగకుండానే దారి చెప్పాడు. తెల్ల చర్చి దాటాక ఇటుక చర్చి, ఇటుక చర్చి ఎదురుగా ఇంకో చర్చి, అక్కడ కుడికి. ఈ కొండల్లో దారులన్నీ చర్చిలతోనే చెబుతారు. "ఎలుగుబంటి కనిపిస్తే కారు దిగకండి, మొన్న నా చెత్తడబ్బా ఎత్తుకుపోయింది" అన్నాడు. మేం వెళ్ళేదాకా టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

జూన్ 14, శనివారం. చెరోకీ, కువోహి

చెరోకీ ఊళ్ళో వీధి పేర్లు ఇంగ్లీషుతో పాటు చెరోకీ లిపిలోనూ ఉన్నాయి. ఈ కొండలు చెరోకీ ఆదివాసులవే. 1830ల్లో ప్రభుత్వం వాళ్ళలో చాలామందిని బలవంతంగా పడమటికి తరిమేసింది, మిగిలినవాళ్ళ సంతతి ఇక్కడ ఉంది. నల్లపొట్ట సాలమాండర్ అని ఒకే పేరుతో పిలిచిన జంతువు నిజానికి ఒకటి కాదని 2022లో శాస్త్రవేత్తలు తేల్చి, కొన్ని జాతులుగా విడదీశారు. వాటిలో ఒకదానికి చెరోకీ మాటలతో పేరు పెట్టారు. కళ్ళకి అన్నీ దాదాపు ఒక్కలాగే ఉంటాయి, అసలు తేడా జన్యువుల్లో.

ఇక్కడ తిన్న బీన్ బ్రెడ్ గురించి చెప్పాలి. మొక్కజొన్న పిండిలో ఉడికిన చిక్కుడు గింజలు కలిపి, ముద్ద చేసి, ఆకులో చుట్టి నీళ్ళలో ఉడికిస్తారు. నూనె లేదు, మాంసం లేదు. మా ఆవిడ బయల్దేరినప్పటి నుంచీ మొదటిసారి కడుపునిండా తింది. "మన కుడుమే కదరా ఇది!" అని మామగారు ఆశ్చర్యపోయారు. చప్పగా ఉందని కారులోంచి ఆవకాయ తెప్పించారు. అమ్మే ఆవిడ కూడా కొంచెం రుచి చూసి, నీళ్ళు తాగి, ఇంకొంచెం అడిగింది.

గ్రేట్ స్మోకీ పార్కుకి ప్రవేశ రుసుం లేదు. కానీ పావుగంట మించి కారు ఆపితే పార్కింగ్ చీటీ ఉండాలి, రోజుకి 5 డాలర్లు, వారానికి 15.

చెరోకీ నుంచి న్యూఫౌండ్ గ్యాప్‌కి ఎక్కే 441 రోడ్డు పక్కన బీచ్ ఫ్లాట్స్ ప్రాంగ్ అనే వాగు ఉంది. చూడటానికి మచ్చలేని వాగు. పైన నాచు, పక్కన రోడోడెండ్రాన్ పూలు. దీని కథ తెలిస్తే అలా అనిపించదు. ఈ ఎత్తుల్లో అనకీస్టా అనే నల్లటి రాయి ఉంది, దాంట్లో గంధకం కలిసిన ఇనుప ఖనిజం. కొండ లోపల ఉన్నంతకాలం ఏమీ కాదు. 1963లో ఈ రోడ్డు తిరిగి కట్టినప్పుడు ఆ రాయిని పగలగొట్టి కట్ట వేయడానికి వాడారు. గాలీ వానా తగిలేసరికి ఆమ్లం ఊరి వాగులోకి దిగింది, దాంతో పాటు లోహాలూ. కిందికి కొన్ని మైళ్ళ మేర చేపలు పోయాయి, సాలమాండర్లు పోయాయి. ఆమ్లం ఒకసారి మొదలైతే రాయి ఉన్నంతకాలం ఊరుతూనే ఉంటుంది.

నేను ఇది చెబుతుంటే మామగారు చాలాసేపు కట్ట వైపు చూశారు. "మాకు మెటీరియల్ టెస్టింగ్ ఉండేది. బలం ఉందా, ఒరిగిపోతుందా, అంతే చూసేవాళ్ళం. నీళ్ళకేం చేస్తుందో చూడమని ఎవరూ చెప్పలేదు" అన్నారు. తన మీద నింద వేసుకుంటున్నట్టు కాదు, రిపోర్టు రాస్తున్నట్టు.

కువోహి ఈ పార్కులో ఎత్తయిన శిఖరం, 6,643 అడుగులు. మొన్నటిదాకా క్లింగ్‌మన్స్ డోమ్ అనేవాళ్ళు, 2024 సెప్టెంబరులో పాత చెరోకీ పేరు తిరిగి వచ్చింది. కారు ఆపే చోటు నుంచి పైనున్న వీక్షణ గోపురం దాకా అర మైలే, కానీ నిట్టనిలువు. మామగారు ప్రతి బెంచీ మీదా కూర్చున్నారు. మూడో బెంచీ దగ్గర ఆయాసపడుతూ, "ఊపిరితిత్తులున్న నా గతి ఇలా ఉంటే, లేనివి ఈ కొండ మీద ఎలా బతుకుతున్నాయండీ?" అన్నారు. పక్క బెంచీ మీది అమెరికన్ దంపతులకి మా అమ్మాయి అనువదించి చెప్పింది, వాళ్ళు పడీపడీ నవ్వారు.

అవి పరుగెత్తవు, అదే జవాబు. చల్లటి ఒళ్ళు, నెమ్మది బతుకు, ప్రాణవాయువు అవసరం తక్కువ. చల్లగా ఉన్నంతకాలం ఈ లెక్క సరిపోతుంది. నీరు వేడెక్కితే రెండు వైపుల నుంచీ దెబ్బ. వేడినీరు ప్రాణవాయువుని తక్కువ పట్టుకుంటుంది, వేడెక్కిన ఒళ్ళు ఎక్కువ అడుగుతుంది. వాగు నుంచి ఇంకా పైకి పోదామంటే శిఖరం దగ్గర ఆగిపోవాలి. ఈ ఎత్తుల్లోనే ఎర్రబుగ్గల సాలమాండర్ కూడా ఉంటుంది, ఈ పార్కు ప్రాంతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాని ఒంటి మీద జిగురు పక్షులకి రుచించదు. ఆ బుగ్గల్ని చూసి కాపీ కొట్టే ఇంకో జాతి ఉంది, అదేమో నల్లపొట్టకి దగ్గరి చుట్టం. మేం రెండింటిలో ఏదీ చూడలేదు. పైన మేఘం కమ్ముకుని గోపురం కూడా సరిగ్గా కనబడలేదు.

జూన్ 15, ఆదివారం. డీప్ క్రీక్, బ్రైసన్ సిటీ

ఫాదర్స్ డే. బ్రైసన్ సిటీ పక్కనున్న డీప్ క్రీక్‌లో ఇసకేస్తే రాలనంత జనం. గాలి నింపిన ట్యూబులు అద్దెకి తీసుకుని, భుజాన వేసుకుని ఎగువకి నడిచి, వాగులో పడి కిందికి జారుకుంటూ రావడం ఇక్కడి సరదా. మా అమ్మాయి, మా ఆవిడ తేలారు. మా ఆవిడ రెండు చోట్ల రాళ్ళకి గుద్దుకుంది, అయినా మళ్ళీ వెళ్ళింది.

మామగారూ నేనూ ఒడ్డున కూర్చున్నాం. ఎదురుగా ఒక కుటుంబం, పిల్లలూ పెద్దలూ కలిసి వాగుకి అడ్డంగా రాళ్ళు పేరుస్తున్నారు. నీరు ఆగి చిన్న కొలను అయింది, పసిపిల్ల అందులో తడుస్తోంది. చూడముచ్చటగానే ఉంది. ఒక్క మధ్యాహ్నంలో వాగు పొడవునా అలాంటివి చాలా కనబడ్డాయి, కొన్నిచోట్ల రాళ్ళు ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చారు. ఇది పార్కు నిబంధనలకి విరుద్ధం. నల్లపొట్ట ఒక్కటే కాదు, ఈ నదుల్లో రెండడుగుల దాకా పెరిగే హెల్‌బెండర్ అనే భారీ సాలమాండర్ కూడా పెద్ద పలకరాళ్ళ కింద గూడు కడుతుంది. రాళ్ళు కదిపి గూళ్ళు పాడుచేస్తున్నారనే పార్కువాళ్ళ గోల.

కాసేపటికి టోపీ పెట్టుకున్న వాలంటీరు ఒకావిడ వచ్చింది. కేకలు వేయలేదు. పిల్లల పక్కన నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, వేలెడంత సాలమాండర్ పిల్ల బొమ్మ ఉన్న కార్డు చూపించింది. మెడ దగ్గర కుచ్చుల్లాంటి మొప్పలు. పుట్టాక రెండు నుంచి నాలుగేళ్ళు ఇలా మొప్పలతో నీళ్ళలోనే ఉంటుంది, రాళ్ళ మధ్య ఈ సందుల్లోనే దాక్కుంటుంది, సందులు మూసేస్తే పెద్దవి తినేస్తాయి అని చెప్పింది. పిల్లలే ముందు రాళ్ళు తీయడం మొదలుపెట్టారు. వాళ్ళ నాన్న మొహం కాస్త ముడుచుకుంది, తర్వాత అతనూ దిగాడు.

వాళ్ళు మధ్యలోంచి తీస్తుంటే నీరు ఒక్కసారి ఉరికి పసిపిల్ల వైపు వచ్చింది. మామగారు పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగిపోయారు. "మధ్యలో కాదమ్మా, చివర్నుంచి! పై వరస ముందు!" అని తెలుగులోనే, చేతులతో చూపిస్తూ. ఎవరికీ భాష అడ్డం రాలేదు. పావుగంటలో వాగు తన దారిన పారింది. ఒడ్డుకి వచ్చి తువ్వాలు పిండుకుంటూ, "ముప్ఫై ఏళ్ళు గట్లు కట్టించాను, గండ్లు పూడ్పించాను. గట్టు పీకించడం ఇదే మొదలు" అన్నారు. వాలంటీరు ఆయనతో ఫొటో దిగింది.

మధ్యాహ్నం బ్రైసన్ సిటీలో భోజనం. ట్రౌట్ చేప 19 డాలర్లు. తండ్రులకి యాపిల్ పై ఉచితమంటే మామగారు తనది తిని, నాది కూడా సగం తిన్నారు. మా అమ్మాయి కాగితం చేతిరుమాలు మీద ఏదో లెక్క వేస్తోంది. నల్లపొట్ట పెద్దదై గుడ్లు పెట్టేసరికి సుమారు ఏడెనిమిదేళ్ళు పడుతుందని రాత్రి నడకలో విన్నది గుర్తు పెట్టుకుంది.

"ఈ ఆగస్టులో పుట్టే పిల్ల గుడ్లు పెట్టేటప్పటికి నేను కాలేజీలో ఉంటాను తాతయ్యా. అప్పుడు మళ్ళీ వద్దాం, డ్రై ఫాల్స్‌కి."

"నాదేముందే, వీసా వాళ్ళ చేతుల్లో ఉంది" అన్నారు ఆయన, పళ్ళెంలో మిగిలిన పై వైపు చూస్తూ.